తోడు పేరు చెప్పండి

మొదటి రోజు

ఈ పుస్తకం అట్ట లోపలివైపు ఒక వాక్యం అచ్చయి ఉంటుంది. "ఇందులో రోగి తప్ప ఎవరూ రాయరాదు. రోగి అనుమతి లేకుండా ఎవరూ చదవరాదు." ఆ వాక్యం నాది. ఇరవై ఆరేళ్ళ కిందట డయాలిసిస్ షెడ్డు ముందు, ఎండలో, అట్టపెట్టె మీద కాగితం పెట్టుకుని రాశాను. పరీక్ష చేయించుకున్న ప్రతి మనిషికీ ఒక కాగితపు పుస్తకం ఇవ్వాలని, యంత్రాలు దాన్ని చదవకూడదని పోరాడి సాధించాం. అప్పట్నుంచి ఈ తీరంలో లక్షల పుస్తకాలు పంచి ఉంటారు. నా చేతికి ఒకటి రావడం ఇదే మొదలు.

కాగితం నాసిగా ఉంది. ఎవరు సరఫరా చేస్తున్నారో కనుక్కోవాలని ముందు అనిపించింది. నా అసలు రోగం అదే.

పొద్దున్నే మామూలుగా మేడ మీదికెళ్ళి సోలార్ పలకల మీద ఉప్పు తుడిచాను. సముద్రం ఊళ్ళోకి వచ్చినప్పట్నుంచి తీరంలో అందరం చేసే పనే. తుడవకపోతే మధ్యాహ్నానికి ఫ్యాను తిరగదు. ప్రాంతీయ సభ అధ్యక్షురాలిని కాబట్టి ఆ పనికి మనిషిని ఇస్తామన్నారు గాని వద్దన్నాను. నా చేత్తో నేను చేసుకునే పని అదొక్కటే మిగిలింది. ఇవాళ రెండో పలక దగ్గరే కూలబడ్డాను. చూసుకుంటే పాదాలు చెప్పులు పట్టనంత వాచి ఉన్నాయి. మా అమ్మ పాదాలు చివర్లో అలాగే ఉండేవి.

వీధి చివర పరీక్షలు చేసే అద్దం పెట్టె, మేం గాజు డాక్టరు అనే యంత్రం, దగ్గరికి నడిచి వెళ్ళాను. అద్దం కింద వేలు పెట్టాను. ఇడ్లీ ఉడికేంత సేపు పట్టింది.

"దమయంతి గారూ, మీ ఫలితం సిద్ధంగా ఉంది. ఇది పద్నాలుగు రోజులకు మించి ఆగకూడదు. మీ తోడు పేరు చెప్పండి."

అంతవరకే దానికి అధికారం. ఫలితం ఎన్నాళ్ళు ఆగొచ్చో చెప్పవచ్చు, ఫలితం ఏమిటో మాత్రం పక్కన తోడు లేకుండా చెప్పకూడదు. ఆ చట్టం కూడా నాదే. నోరు తెరిచాను. పేరు రాలేదు. వెనక వరసలో ఒకాయన "నమస్తే అమ్మా" అన్నాడు. ఆయనకి నమస్తే చెప్పి, తనిఖీకి వచ్చినదానిలా ఆ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి చూసి, వచ్చేశాను.

రెండో రోజు

మా అమ్మకి ఫలితం చెప్పినప్పుడు నేను పక్కన లేను. టీ తేవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అద్దం ముందు కుర్చీలో ఒక్కతే కూచుని ఉంది. పదకొండు వారాలు మిగిలాయని చెప్పి, ఆ వెంటనే సేవ ఎలా ఉందో నక్షత్రాల్లో చెప్పమని అడిగిందట అద్దం. అమ్మ అయిదూ నొక్కింది. "తక్కువ నొక్కితే ఏటనుకుంటాదో అని," అంది నాతో. ఆ టీ ఇద్దరం పంచుకుని తాగాం. అప్పటికే చల్లారిపోయింది.

ఆ అయిదు నక్షత్రాల మీద కోపంతో మొదలైంది నా రాజకీయం. షెడ్డు ముందు తొమ్మిది నెలలు కూచున్నాం. తోడు చట్టం వచ్చింది. పక్కన మనిషి లేకుండా ఏ యంత్రమూ ఏ రోగికీ ఫలితం చెప్పకూడదు. అయితే ఆస్పత్రుల వాళ్ళు తెలివైనవాళ్ళు, కూలికి తోడుల్ని పెట్టేస్తారని మా భయం. దానికి మందు చెప్పింది నూకాలమ్మ అని షెడ్డులో ఒక పెద్దావిడ. సూది గుచ్చిన చెయ్యి కదపకుండా పడుకునే చెప్పింది. "పక్కన కూకుని కూడు తిన్నోల్లని పెట్టండే. ఇంకెవులూ వొద్దు."

అలా వచ్చింది మూడో సెక్షన్. తోడుగా వచ్చే మనిషి ఏడాదిలోపల రోగి పక్కన కూచుని ఒక పూటైనా తిని ఉండాలి. గాజు డాక్టరు ఇద్దరినీ విడివిడిగా మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఏం తిన్నారు, ఎక్కడ కూచున్నారు, ముందు ఎవరు లేచారు. జవాబులు కలిస్తేనే ఫలితం. కలవకపోతే ఆ రోజుకి అంతే, మళ్ళీ మరో రోజు. ఇంత చిన్న షరతు ఎవరికి కష్టం అనుకున్నాను.

ఇవాళ కాగితం మీద పేర్లు రాశాను. నూకాలమ్మ లేదు. షెడ్డు ముందు నాతో కూచున్నవాళ్ళలో ముగ్గురు పోయారు, ఇద్దరు నేను అధికారంలోకి వచ్చాక మాట్లాడ్డం మానేశారు. అక్క పోయి ఆరేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. వద్దనుకుని కాదు, ప్రతిసారీ ఏదో ఒక ఎన్నిక అడ్డొచ్చింది. కొట్టేయగా కొట్టేయగా మిగిలింది భుజంగరావు ఒక్కడు. పందొమ్మిదేళ్ళుగా నా కార్యదర్శి. రోజుకి పన్నెండు గంటలు నా పక్కనే ఉంటాడు.

నిలబడి ఉంటాడు.

నాలుగో రోజు

భుజంగరావుని భోజనానికి కూచోమన్నాను. క్యారేజీ విప్పించి ఫైళ్ళ బల్ల మీద రెండో కంచం పెట్టించాను. ఆయన ఎప్పటిలాగే తలుపు దగ్గర నిలబడి రేపటి కార్యక్రమం చదువుతున్నాడు.

"కూచోండి భుజంగరావు గారూ, కలిసి తిందాం."

చదవడం ఆపాడు. "ఎవరైనా వస్తున్నారా మేడమ్?"

"ఎవరూ రావడం లేదు. మీరూ నేనూ."

"నేనేమైనా పొరపాటు చేశానా?"

"అన్నం తినమంటే పొరపాటు అంటారేమిటండీ?"

"అలా కాదు మేడమ్. పాత అధ్యక్షుల వారు మా సూపర్నెంటు గారిని ఇలాగే కూచోబెట్టి భోజనం పెట్టారు. మర్నాడు బదిలీ చేశారు."

నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. కుర్చీ అంచున కూచున్నాడు. చేపల పులుసు వడ్డించబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు. చేప తినడట. పుట్టి బుద్ధెరిగి తినలేదట. పందొమ్మిదేళ్ళలో నాకు ఆ సంగతి తెలియదు. పెరుగు వేస్తే అన్నంలో కలిపాడు గాని ఒక్క ముద్ద కూడా నోటి దాకా పోలేదు. అంతలో ఫోను మోగింది. లేచి వెళ్ళిపోయాడు. ఆ లేవడంలో ఆయనకి ఎంత హాయిగా ఉందో వీపు చూస్తేనే తెలిసింది. ఆ పెరుగన్నం కంచం ఎదురుగా పెట్టుకుని నా భోజనం నేను పూర్తి చేశాను.

నిజం చెప్పేస్తే తినేవాడే. చెప్పలేకపోయాను. పదకొండో రోజున సభలో తోడు చట్టానికి సవరణ వస్తోంది. సన్యాసినాయుడు, మా ప్రతిపక్ష నాయకుడు, పెట్టాడు. తోడు లేనివాళ్ళు సంతకం పెట్టి ఒంటరిగా ఫలితం వినవచ్చట. ఆ ఒక్క సందు ఇస్తే ఆస్పత్రులన్నీ వచ్చినవాళ్ళందరి చేతా సంతకం పెట్టించుకుంటాయి. మా అమ్మ కూచున్న కుర్చీలో మళ్ళీ ఊరంతా ఒక్కొక్కరే కూచుంటారు. ఇన్నేళ్ళుగా నేను చెబుతున్నది ఇదే. ఇప్పుడు ఆ సవరణ నాకే కావలసి వచ్చిందని తెలిస్తే నా మాటకి విలువేముంటుంది?

ఇది పైకి చెప్పుకునే కారణం. అసలు కారణం సిగ్గు. అరవై మూడేళ్ళు బతికి, నాతో తిన్న మనిషిని ఒక్కరిని చూపించలేకపోవడం నాకు సిగ్గుగా ఉంది.

ఆరో రోజు

ఉప్పుటేరు అవతల ఊళ్ళకి పర్యటన. చెప్పులు పట్టక, ఒక సైజు పెద్దవి తెప్పించుకుని వేసుకున్నాను.

మధ్యాహ్నం ఒక ఇంట్లో భోజనం. మా వాళ్ళు ముందే వెళ్ళి చాప, అరిటాకు, కెమెరా అన్నీ సర్దేశారు. ఇంటావిడని నా పక్కన కూచోమన్నాను. "అమ్మో, మీరు తినండమ్మా. మేం తరవాత తింటాం," అంది. ఆవిడ భర్త నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడ్డాడు. గుమ్మంలో పాతికమంది. నేను ముద్ద ఎత్తితే వాళ్ళందరి కళ్ళూ ముద్దతో పాటు లేచాయి. ఇవాళ ఆ కళ్ళు చూసి ముద్ద మళ్ళీ ఆకులో పెట్టేశాను. బాగా లేదేమోనని ఇంటావిడ మొహం చిన్నబోయింది. అందుకని రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాను.

ఎన్నికలప్పటి నుంచి లెక్కేస్తే ఈ ఏడాదిలో నూట పదిహేడు ఇళ్ళలో తిన్నాను. చాలావరకు ఒంటరి ముసలివాళ్ళ ఇళ్ళే ఎంపిక చేస్తారు మా వాళ్ళు, ఫోటో బాగా వస్తుందని. నూట పదిహేడు పూటలు తిన్నాను, ఒక్కరూ నాతో తినలేదు. ఎక్కడికెళ్ళినా నాలుగు నిమిషాల్లో ముగించి చెయ్యి కడుక్కోవడం అలవాటైపోయింది.

ఎనిమిదో రోజు

సవరణ మీద ప్రసంగం సిద్ధం చేసుకుంటున్నాను. అందులో ఒక వాక్యం ఉంది. "తోడు లేని మనిషి ఈ తీరంలో లేడు." కచ్చితంగా చప్పట్లు పడే చోటు అది. ఎన్ని సభల్లో పలికానో. ఈసారి దాని దగ్గర పెన్ను ఆగిపోయింది. గడువు దాటినా తెరవని ఫలితాలు ఎన్ని ఉన్నాయో కనుక్కోమని భుజంగరావుకి చెప్పాను. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నేను అడగలేదు. అడగాలని తోచలేదు. షెడ్డులో ప్రతి మంచం పక్కనా ఎవరో ఒకరు కూచుని ఉండేవారు. లోకమంతా ఆ షెడ్డులాగే ఉంటుందనుకుని చట్టం రాసేశాను.

మధ్యాహ్నానికి కాగితాలు తెచ్చాడు. రెండు వేల తొమ్మిది వందల ఆరు.

కాగితాల్లో "పేర్కొన్న తోడు" అని ఒక గడి ఉంది. ఎక్కువ చోట్ల ఖాళీ. కొన్నిచోట్ల చనిపోయినవాళ్ళ పేర్లు. ముప్పై ఒక్క చోట నా పేరు ఉంది.

"ఇదేమిటి భుజంగరావు గారూ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరు భోంచేసిన ఇళ్ళవాళ్ళు మేడమ్. మీతో కలిసి తిన్నామని తోడుగా మీ పేరు చెప్పారు. చెప్పినప్పుడల్లా గాజు డాక్టరు నుంచి మన ఆఫీసుకి కబురొస్తుంది."

"వస్తే ఏం చేస్తున్నాం?"

"ఆహ్వానాల్లో వేస్తాం. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఇవీ. అన్నిటికీ ఒకటే జవాబు వెళుతుంది. అధ్యక్షురాలికి తీరిక లేనందున రాలేకపోతున్నారు, మీకు శుభాకాంక్షలు అని."

"శుభాకాంక్షలా?"

"మొదటి ఏడాది మీరే ఖరారు చేశారు మేడమ్. జవాబు ఏదైనా మర్యాదగా ఉండాలన్నారు."

అవును, నేనే. ఇంకో విషయం కూడా గుర్తొచ్చింది. ఆ ఉత్తరాల కింద నా సంతకం ఉండాలని పట్టుబట్టింది కూడా నేనే. తలుపు వేసుకుని చాలాసేపు ఏడ్చాను. నా కోసమో వాళ్ళ కోసమో విడదీసి చెప్పలేను.

పదో రోజు

జాబితాలో అన్నిటికన్నా పాతది తవిటయ్య పేరు. ఉప్పలవలసలో పలకలు తుడిచే మనిషి. నేను ఆయన ఇంట్లో తిని పదకొండు నెలలైంది. ఫలితం వచ్చి రెండు వందల ఎనిమిది రోజులు.

కారు గట్టు మీద వదిలేసి ఒక్కదాన్నే నడిచి వెళ్ళాను. ఆయన వీధి మొదట్లో నిచ్చెన ఎక్కి గాజు డాక్టరు నెత్తి మీది పలక తుడుస్తున్నాడు. సన్నటి మనిషి, డెబ్భై దాటి ఉంటాయి. ఆ మొహం నాకు గుర్తు రాలేదు.

"తవిటయ్య గారేనా?"

పైనుంచి చూశాడు. "ఇదేటమ్మా, జెండాలు నేకుండా వొచ్చీసినారు?"

మెల్లగా దిగాడు. దిగుతుంటే అద్దం వెలిగింది. "తవిటయ్య గారూ, తోడు వచ్చారా?" అని అడిగింది.

"ఇంకా నేదు," అన్నాడు ఆయన అలవాటుగా. నా వైపు తిరిగి చెప్పాడు. "రోజూ అడుగుతాది. దీని పలక తుడిసేది నానే కదా, ఎదురు పడగానే అడుగుతాది. నేదంటే ఊరుకుంటాది. మంచిదే పాపం."

"ఫలితం ఎన్నాళ్ళు ఆగొచ్చని చెప్పింది మీకు?"

"నలభై రోజులంది. అప్పుడే మీ పేరు సెప్పినాను. మీకు తీరిక నేదని ఉత్తరమొచ్చింది. మరి నిజిమే కదా."

ఇంట్లోకి తీసుకెళ్ళి ఆ ఉత్తరం చూపించాడు. తన పుస్తకంలో మడత నలగకుండా దాచుకున్నాడు. ఆయనకి రాయడం రాదు. పుస్తకంలో అన్ని పేజీలూ తెల్లగా ఉన్నాయి. ఉన్నదల్లా నా సంతకం ఒక్కటే.

"తవిటయ్య గారూ, ఆ రోజు మీరు నాతో కూచుని తిన్నారా?"

ఉత్తరాన్ని మళ్ళీ పుస్తకంలో పెట్టాడు. "నేదమ్మా. మీరు తిన్నారు. నాను ఇసురుతూ నిలబడ్డాను. ఒకే కుండలో కూడు కదా, సాలుతాదేమో అనుకున్నాను."

"అయితే ఇవాళ తిందాం. నాకూ ఒక ఫలితం ఆగి ఉంది. నాకూ ఎవరూ లేరు."

ఆ మాట బయటికి అన్నది ఇదే మొదటిసారి. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, పాదాల దగ్గర ఆగి, ఏమీ అడగకుండా పొయ్యి వెలిగించాడు.

చోడి అంబలి, అదే రాగి అంబలి, పచ్చి ఉల్లిపాయ, కాల్చిన ఎండు కవళ్ళ చేపలు. నాకు పీట వేసి తను గుమ్మం దగ్గర కూచున్నాడు. నా కంచం తీసుకుని గుమ్మం దగ్గరికే వెళ్ళి కూచున్నాను. ఇంక జరగడానికి చోటు లేక ఊరుకున్నాడు. అలవాటు చొప్పున నేను నాలుగు నిమిషాల్లో తినేశాను. ఆయన అప్పటికి చేప ముల్లు తీస్తున్నాడు. ఎంగిలి చెయ్యి ఎండిపోయేదాకా కూచున్నాను. పక్కన ఒక మనిషి నమిలే చప్పుడు వింటూ కూచోవడం ఎంత బాగుంటుందో మరిచేపోయాను. ఆయన తినడం అయ్యాక నేను ముందు లేవాలని ఆయన, ఆయన లేవాలని నేను కాసేపు అలాగే ఉండి, చివరికి ఇద్దరం ఒకేసారి లేచాం.

గాజు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన్ని ఒక చెవిగొట్టంలో, నన్ను ఒక చెవిగొట్టంలో అడిగింది. మొదటి రెండూ కలిశాయి. మూడోది కలవలేదు. ఇద్దరం ఒకేసారి లేచామని నేను చెప్పాను. ముందు అమ్మగోరు లేచినారు అని ఆయన చెప్పాడు.

"అలా ఎందుకన్నారండీ?"

"పెద్దోల్లు లేవకుండా నాను లేచినానని ఎలగ సెప్పగలను తల్లీ? బాగుంటాదేటి?"

కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. ఇలాంటి జవాబు చెప్పే మనుషుల కోసమే చట్టం రాశాను గాని, ఈ జవాబుకి అందులో చోటు పెట్టలేదు. ఎల్లుండి మళ్ళీ తిందామని, ఈసారి జరిగింది జరిగినట్టు చెప్పాలని ఒట్టేయించుకుని వచ్చాను.

పదకొండో రోజు

సభ. ప్రసంగంలో ఆ వాక్యం కొట్టేశాను. దాని బదులు అంకెలు చదివాను. రెండు వేల తొమ్మిది వందల ఆరు. అందులో ముప్పై ఒక్కరు నా పేరు చెప్పారని, వాళ్ళకి నేను శుభాకాంక్షలు పంపానని చెప్పాను. చప్పట్లు కొట్టేవాళ్ళు ఎక్కడ కొట్టాలో తెలియక నా మొహం వైపు చూశారు.

సన్యాసినాయుడు లేచాడు. "అందుకే కదండీ సంతకం పెట్టి వినే హక్కు ఇమ్మంటున్నాను. అధ్యక్షురాలు వద్దంటున్నారు. సరే. ఇంతకీ మీకు ఎవరున్నారో చెప్పండి?"

ఎగతాళికే అడిగాడు. కాని అది ఈ పదకొండు రోజుల్లో నా గురించి ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న.

"ఉప్పలవలసలో తవిటయ్య అని ఒకాయన ఉన్నారు," అన్నాను. "నిన్న ఒక జవాబు తప్పింది. రేపు మళ్ళీ తింటాం."

సభంతా నవ్వింది. భుజంగరావు ఒక్కడే నవ్వలేదు. నాకు తీరిక లేదని తవిటయ్యకి జవాబు పంపింది ఆయనే. ఇప్పుడు నా కాళ్ళ వైపు చూశాడు. సవరణని వచ్చే సమావేశాలకి వాయిదా వేశారు. గెలవలేదు, ఓడనూ లేదు. సభ్యులందరి ఆఫీసుల్లో ఆహ్వానాల ఫైళ్ళు వెతకాలని మాత్రం ఒప్పించగలిగాను.

బయటికి వస్తుంటే భుజంగరావు కారు తలుపు తీస్తూ, "మిగిలిన ముప్పై ఇళ్ళకీ తేదీలు వేయమంటారా మేడమ్?" అన్నాడు. వేయమన్నాను. "కెమెరాలు?" అన్నాడు. వద్దన్నాను. తలుపు పట్టుకుని ఇంకొంచెం సేపు నిలబడి, "చేప లేని చోట నన్ను కూడా కూచోనివ్వండి," అన్నాడు.

పన్నెండో రోజు

ఇవాళ రాయవలసింది జాగ్రత్తగా రాయాలి.

పొద్దున్నే ఉప్పలవలస వెళ్ళాను. అవే అంబలి, కవళ్ళు. నెమ్మదిగా తినాలని ఎంత ప్రయత్నించినా ఆయన కన్నా ముందే అయిపోయింది. ఆయన తినడం అయ్యాక లేచి, నాకు చెయ్యి అందించి లేపాడు. పాదాలు నొప్పిగా ఉన్నాయి.

గాజు డాక్టరు ముందుకి వెళ్ళగానే రోజూ అడిగేదే అడిగింది. "తవిటయ్య గారూ, తోడు వచ్చారా?"

"వొచ్చినారు," అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు చొక్కా సర్దుకున్నాడు.

జవాబులు మూడూ కలిశాయి. ముందు ఆయన ఫలితం. కాలేయంలో గడ్డ. ఫలితం వచ్చిన రోజుల్లో అయితే తీసేసే వీలుండేది. ఇప్పుడు ఆ వీలు లేదు. నొప్పి లేకుండా చూడవచ్చు. అయిదు నెలలు, కాకపోతే ఆరు. గాజు డాక్టరు గొంతులో తేడా ఏమీ ఉండదు. మంచైనా చెడైనా ఒకటే గొంతు.

ఆరో సెక్షన్ ప్రకారం, విన్నదంతా తోడు మనిషి రోగికి అర్థమయ్యే మాటల్లో తిరిగి చెప్పాలి. సొంత మాట కలపకూడదు. ఎందుకంటే అదంతా రోగి విన్న మాటగా ఆయన చరిత్రలో నమోదవుతుంది. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. తడిగుడ్డ పట్టీ పట్టీ ఒరుసుకుపోయిన చెయ్యి.

"తవిటయ్య గారూ, మీ కడుపులో కుడిపక్క గడ్డ ఉందట. అప్పుడే అయితే కోసి తీసేసేవారట. ఇప్పుడు తియ్యలేరట. నొప్పి లేకుండా మందిస్తారట. అయిదారు నెలలు అంటోంది." అక్కడితో ఆగాలి. ఆగలేకపోయాను. "అప్పుడు నేను రాలేదు. మీరు పిలిస్తే శుభాకాంక్షలు పంపాను. తప్పు నాది."

గాజు డాక్టరు కలగజేసుకుంది. "తవిటయ్య గారూ, తోడు చివర చెప్పిన మాట ఫలితంలో లేదు. తొలగించాలా?"

ఆయన అద్దంలోకి చూశాడు. అందులో మా ఇద్దరి మొహాలూ కనబడుతున్నాయి. భుజం మీది గుడ్డ తీసి, అద్దం మీద ఉప్పు మరక ఒకటుంటే తుడిచాడు. కోప్పడితే బాగుండునని నాకు అనిపించింది. కోప్పడలేదు.

"తీసీ నాయనా, ఆ మాట," అన్నాడు.

తరవాత కుర్చీలోంచి లేచి నన్ను కూచోబెట్టాడు. తను పక్కన నిలబడబోయి, గుర్తొచ్చి, పక్క కుర్చీ లాక్కుని కూచున్నాడు.

నా ఫలితం చదివింది. మూత్రపిండాలు రెండూ, మా అమ్మకి వచ్చినదే. అంకెలు ఏవేవో చెప్పింది. ఆ భాష నాకు బాగా వచ్చు, ఆ అంకెల మీద ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్క లేదు. ఇవాళ ఒక్కటీ బుర్రకెక్కలేదు. ఇలాంటి కుర్చీలో అమ్మ ఒక్కతే ఎలా కూచుందో తెలిసింది.

తవిటయ్య నా వైపు తిరిగాడు. మొన్నటి నుంచి మీరు మీరు అంటున్నవాడు, ఆ మాట మరిచిపోయాడు.

"తల్లీ, నీ వొంట్లో నీరు వొడకట్టే గుడ్డలు రెండూ సిరుగు పట్టినాయంట. ఇంకా కుట్టుకోడానికి అవుతాదంట. ఆలీసం సెయ్యకుండా ఈ వారంలోనే ఎల్లాలంట. వారానికి రెండేసి సార్లు సూది పెట్టి పడుకోబెడతారంట." కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు. "అప్పుడు నానొచ్చి పక్కన కూకుంటాను."

అద్దం వెలిగింది.

"దమయంతి గారూ, తోడు చివర చెప్పిన మాట ఫలితంలో లేదు. తొలగించాలా?"

"వద్దు," అన్నాను. "ఉంచు."